ఎడ్డీ ఇంటికెళ్ళిపోయాడు

కొత్త రెయిన్‌కోటు వాసన ఫలానా అని చెప్పడం కష్టం. కొంత రబ్బరు, కొంత కొత్త పుస్తకం అట్ట, మడత విప్పగానే ముక్కుకి తగిలే ఒక ఘాటు. మొన్న మనవరాలికి తెచ్చిన పసుపుపచ్చ రెయిన్‌కోటు కవరు చింపగానే హాలంతా అదే వాసన. బయట చినుకన్నది లేదు. అయినా పిల్ల అప్పటికప్పుడే తొడిగేసుకుని, టోపీ నెత్తి మీదకి లాక్కుని, ఇల్లంతా తిరగడం మొదలెట్టింది. నడుస్తుంటే చేతులు పక్కలకి రాసుకుని పరపర, పరపర. ఆ చప్పుడు చెవిన పడగానే, పేపరు చదువుకుంటున్న నా ఎడమ చెయ్యి నాకు తెలియకుండానే పక్కనున్న ఖాళీ కుర్చీ అంచుని నొక్కి పట్టుకుంది.

ఎందుకు పట్టుకుందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

ఆ సాయంత్రమే మావాడు అడిగాడు. "నాన్నా, డైనోసార్ల సినిమా ఏడో భాగం వచ్చింది. పాపని తీసుకెళ్ళొచ్చంటావా? దానికింకా ఐదేళ్ళే కదా."

నన్నే అడిగాడు! నా మొహంలోకి చూస్తూ, మూతి బిగబట్టి నవ్వు ఆపుకుంటూ అడిగాడు. వాడికి ఐదేళ్ళప్పుడు రెండో భాగానికి తీసుకెళ్ళింది నేనే. ఆ రోజు నేను చేసిన నిర్వాకం వాడు ఇప్పటికీ మర్చిపోలేదు.

*

'జురాసిక్ పార్క్' 1993లో వచ్చింది. అప్పటికి వాడికి ఇంకా మాటలు రాలేదు. మూడు నాలుగేళ్ళు వచ్చాక ఎవరో డైనోసార్ల బొమ్మల పుస్తకం ఇచ్చారు. అంతే, ఇంట్లో ఇంక వేరే మాట లేదు. 'ర' సరిగ్గా పలకడం రాని నోటికి పారాసారోలోఫస్ అన్న పేరు మాత్రం గడగడా వచ్చేది. స్టెగోసారస్ వాడి ప్రాణం. వీపు మీద నిలబెట్టిన పలకలు, తోక చివర నాలుగు ముళ్ళు. పలక మీద, గోడ మీద, నా ఆఫీసు కాగితాల వెనక, ఎక్కడ చూసినా వీపు మీద పలకలే.

సరే అని మొదటి భాగం వీడియో క్యాసెట్ అద్దెకి తెచ్చాను. మా ఆవిడ ఒకటే షరతు పెట్టింది, భయపెట్టే చోటల్లా ముందుకి తిప్పెయ్యాలని. రిమోటు పట్టుకుని కూర్చున్నాను. మాంసం తినే పెద్ద డైనోసార్ టి-రెక్స్ కంచె దాటి వస్తుందనగా బొటనవేలు బటన్ మీద వేసి నొక్కేసేవాణ్ణి. క్యాసెట్ రోజులు చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, బొమ్మ నడుస్తుండగా ముందుకి తిప్పితే తెర మీద అడ్డంగా తెల్లటి చారలు వణుకుతూ పరిగెత్తేవి. మనుషులు తైతక్కలాడుతూ ఉరికేవాళ్ళు. శబ్దం ఉండేది కాదు. మావాడు టి-రెక్స్‌ని చూసినప్పుడల్లా అలాగే చూశాడు. దాంతో టి-రెక్స్ అంటే అసలు నోరు లేని జంతువనీ, ఒంటి మీద తెల్ల చారలుంటాయనీ, చీమలా గబగబా నడుస్తుందనీ వాడి లెక్క. వాడు వేసిన బొమ్మల్లో టి-రెక్స్‌కి అడ్డంగా గీతలుండేవి. ఎందుకురా అంటే "దానికి ఉంటాయి" అనేవాడు. నేను దిద్దలేదు. అదే నయం అనిపించింది.

నూట ఇరవై ఏడు నిమిషాల ఆ సినిమాలో డైనోసార్లు కనిపించేది పావుగంట లోపే. మిగతాదంతా అవి వస్తున్నాయేమో అని మనం ఎదురుచూడ్డమే. ఆ పావుగంటలోనూ సగం నేను తిప్పేశాను. పాపం, వాడు చూసింది ఎక్కువగా మనుషులు మాట్లాడుకోవడం.

అందులో ఇంకో అన్యాయం కూడా జరిగింది. మొదటి భాగంలో స్టెగోసారస్ లేదు. పిండాలు దాచిన సీసాల దగ్గర దాని పేరు చీటీ కనిపిస్తుంది, అదీ ఒక అక్షరం తప్పుగా. జంతువు మాత్రం రాదు. ఆఖరి అక్షరాలు పడేదాకా కూర్చుని, "ఇంకా స్టెగో రాలేదు నాన్నా" అన్నాడు. రెండో భాగంలో వస్తుందిలే అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. అప్పటికి రెండో భాగం ఒకటి తీస్తారని నాకు తెలియదు.

తీశారు. అందులో స్టెగోసారస్ ఉందని పత్రికలో ఫోటో కూడా వచ్చింది. మాటిచ్చాక తప్పుతుందా?

*

'ది లాస్ట్ వరల్డ్' 1997 సినిమా. మేము వెళ్ళిన రోజు పొద్దుటి నుంచీ ముసురు. వాడికి పసుపుపచ్చ రెయిన్‌కోటు తొడిగి, మెడ కింద గుండీలు పెడుతూ మా ఆవిడ నాతో అంది. "రాత్రి వాడు కలవరిస్తే మాత్రం నన్ను లేపకండి. మీరూ, మీ డైనోసార్లూ చూసుకోండి." వాడు బస్సులో అద్దానికి మొహం ఆనించి దారి పొడుగునా స్టెగో ఎన్ని అడుగులుంటుందో పక్క సీటాయనకి చెప్పాడు. ఆయన నిద్రపోతున్నాడు.

హాల్లోకి వెళ్ళేసరికి దీపాలు ఆర్పేశారు. టార్చిలైటు మనిషి నేల మీద వెలుగు వేస్తూ ముందు నడిస్తే ఆ గుండ్రటి వెలుగులో కాళ్ళు వేసుకుంటూ వెళ్ళాం. వాడి చెయ్యి నా చేతిలో తడితడిగా ఉంది. ఆ కుర్చీలు మనం లేవగానే దానంతటదే పైకి ముడుచుకునే రకం. పిల్లాడు కూర్చున్నాడు, వాడి బరువు చాలక కుర్చీ నోరు మూసుకుంది. రెండు కాళ్ళూ పైకి లేచి, మోకాళ్ళు మొహానికి వచ్చి, మధ్యలో ఇరుక్కుపోయి "నాన్నా!" అని ఒక అరుపు. ముందు వరసలో వాళ్ళు నవ్వారు. తీసి మళ్ళీ కూర్చోబెట్టి, కుర్చీ అంచుని ఎడమ చేత్తో కిందకి నొక్కి పట్టుకున్నాను. సినిమా నూట ఇరవై తొమ్మిది నిమిషాలు. అన్ని నిమిషాలూ ఆ చెయ్యి అక్కడే ఉంది. ఆ రాత్రి మోచెయ్యి చాపలేకపోయాను.

రెయిన్‌కోటు విప్పనన్నాడు. తడి కోటు, కొత్త ప్లాస్టిక్ వాసన, పక్కనున్నావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. విప్పబోతే గుండీల మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు. సరేలే అని వదిలేశాను. తర్వాత్తర్వాత తెలిసింది ఆ టోపీ వాడికెంత పనికొచ్చిందో.

మాటలన్నీ ఇంగ్లీషు. వాడికి ఒక్క ముక్క అర్థం కాదు. నేను వంగి, టోపీ అంచు కాస్త ఎత్తి, చెవిలో తెలుగులో చెప్పాలన్నది ఒప్పందం.

*

సినిమా మొదలవడమే సముద్రపు ఒడ్డున. ఒక కుటుంబం పడవలో దిగి సరదాగా గడుపుతుంటుంది. చిన్న పిల్ల ఒంటరిగా చెట్ల వైపు వెళ్తుంది. కోడిపిల్లంత జంతువొకటి వస్తుంది. వీటిని కాంపీలంటారు. పిల్ల ముచ్చటపడుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు ఇరవై అవుతాయి. తర్వాత కేకలు. తల్లి పరిగెత్తుకొచ్చి, చూసి, నోరు తెరిచి కెవ్వున అరుస్తుంది.

నా పక్కన కోటు పరపరలాడింది. వాడు నా కుడి చెయ్యి పట్టుకుని, బొటనవేలు వెతికి, దాన్ని గట్టిగా నొక్కాడు.

"నాన్నా, ముందుకి తిప్పు."

నా దగ్గర రిమోటు లేదని వాడికి ఎలా చెప్పను? ఇంత పెద్ద తెర, ఇంత చప్పుడు, ఇది నా చేతిలో లేదని ఎలా చెప్పను? ఏం చెప్పాలో తోచక తెర వైపు చూశాను. ఆ తల్లి తెరిచిన నోటి మీదే బొమ్మ మారిపోయింది. ఆ చోట్లోనే ఇంకో మనిషి నోరు తెరుచుకుని ఉన్నాడు, ఆవలిస్తూ. వెనకాల గోడ మీద సముద్రం, కొబ్బరిచెట్ల బొమ్మ. కేక కాస్తా ఆవలింత అయింది. దర్శకుడు స్పీల్‌బర్గ్ ఏ ఉద్దేశంతో అతికించాడో గానీ, ఆ క్షణాన నన్ను ఆదుకోవడానికే అతికించాడనిపించింది.

"చూశావా, ఆవలిస్తున్నాడు. ఇప్పుడే నిద్ర లేచాడు. అదంతా ఆయనకొచ్చిన కల" అన్నాను.

టోపీ పైకి లేచింది. "కలా?"

"కలే."

అలా మొదలైంది నా అబద్ధాల ప్రయాణం. రిమోటు బటన్ లేని చోట నాలికతో నొక్కుకుంటూ వచ్చాను.

*

స్టెగోసారస్ వచ్చినప్పుడు మాత్రం నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వాగు పక్కన మంద. చెట్ల మధ్య నుంచి కదిలొచ్చే కొండల్లా ఉన్నాయి. వీపు మీద పలకలు ఒక్కొక్కటీ తలుపంత. వాడు టోపీ వెనక్కి తోసేసి కుర్చీ మీద నిలబడ్డాడు. నా చేతి కింద కుర్చీ కొట్టుకుంది. వాడి నోట్లోంచి మాట రాలేదు. అలాంటి నిశ్శబ్దం వాడి దగ్గర నేను అంతకుముందు వినలేదు.

ఆ సీనులో సారా అనే ఆవిడ స్టెగో పిల్ల దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి, ముట్టుకుని, ఫోటోలు తీస్తుంది. అంతా బావుందనుకునేలోపు కెమెరాలో రీలు అయిపోతుంది. జుయ్‌ మని దానంతటదే వెనక్కి చుట్టుకుంటుంది. ఆ చప్పుడుకి పిల్ల బెదిరిపోతుంది, తల్లిదండ్రులు తోకలు విసురుతాయి. హాల్లో మాలాంటి వాళ్ళందరికీ ఆ 'జుయ్' వినగానే విషయం అర్థమైంది. ప్రతి ఇంట్లో, ప్రతి పెళ్ళిలో విన్న చప్పుడు అది. ముప్ఫై ఆరో ఫోటో తీశాక లోపల మర తిరుగుతుంటే, అయ్యో ఇంకొకటి తీసుండేవాళ్ళమే అనిపించే చప్పుడు. ఇప్పుడు మనవరాలికి ఆ సీను చూపిస్తే కెమెరా ఎందుకు అరిచిందని అడుగుతుంది. కెమెరాకి కడుపు నిండేదని చెప్పాలి కాబోలు.

"వాళ్ళమ్మా నాన్నా వచ్చేశారు" అన్నాడు మావాడు, తోకలు కొడుతుంటే. వాడి గొంతులో భయం లేదు. "పిల్లని ముట్టుకుంటే రారా మరి?"

ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు. వేటగాళ్ళు టి-రెక్స్ పిల్లని కట్టేయడం, దాని కాలు విరిగితే సారావాళ్ళు తమ ట్రెయిలర్‌లోకి తెచ్చి కట్టు కట్టడం, దాని అరుపు విని తల్లీ తండ్రీ రావడం, అదంతా మా అందరికీ భయంకరమైన కథ. వాడికి మాత్రం మొదటి నుంచీ పిల్లాడు తప్పిపోతే అమ్మానాన్నలు వెతుక్కుంటూ వచ్చిన కథ. టి-రెక్స్ కిటికీలోంచి కన్ను పెట్టి చూస్తుంటే హాలంతా కుర్చీలకి అతుక్కుపోతే, వాడు నా చెవిలో అన్నాడు. "దీనికి చారల్లేవు నాన్నా."

"పెద్దయ్యాక పోతాయి" అన్నాను.

*

ఇప్పుడు ఎడ్డీ సంగతి.

పిల్లని ఇచ్చేశాక ఆ తల్లీ తండ్రీ టి-రెక్స్‌లు రెండూ ట్రెయిలర్‌ని కొండ అంచు నుంచి తోసేస్తాయి. సగం అంచు మీద, సగం గాలిలో. కుండపోత వాన. సారా జారి, వెనక అద్దం మీద బోర్లా పడుతుంది. కింద అంతా చీకటి, అలలు. ఆమె అరచెయ్యి కింద అద్దంలో చిన్న గీత. చెయ్యి కదిపితే ఇంకో గీత. సాలెగూడు అల్లుకున్నట్టు వేళ్ళ చుట్టూ గీతలు పాకుతుంటాయి. ఆ టిక్ టిక్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించనట్టు ఉంటుంది. బయట నిజంగానే వాన పడుతోంది. హాలు రేకుల మీద చినుకుల మోత, తెర మీద చినుకుల మోత, నా పక్కన తడి రెయిన్‌కోటు. ఏ వాన ఏదో తెలియని స్థితి. మావాడు తన అరచేతుల్ని నా చెయ్యి మీద నుంచి మెల్లగా, ఒక్కొక్క వేలే ఎత్తి తీసుకున్నాడు. గట్టిగా నొక్కితే నేను పగిలిపోతానన్నట్టు.

అప్పుడు వస్తాడు ఎడ్డీ. బట్టతల, సన్నటి మనిషి, హీరో కాదు. సామాన్లు బాగుచేసే పనిమంతుడు. ఒక్కడే కారేసుకుని వచ్చి, లోపలున్న ముగ్గురికి తాడు విసిరి, ట్రెయిలర్‌కి ఇనప తీగ కట్టి, కారు వెనక్కి లాగుతాడు. చక్రాలు బురదలో జారుతుంటాయి. అతను మాత్రం ఆక్సిలేటర్ మీద కాలు తియ్యడు. అంతలో రెండు టి-రెక్స్‌లూ తిరిగొస్తాయి. కారు పైకప్పు చీలుస్తాయి. అద్దాలు పోతాయి. తలుపు పోతుంది. అప్పుడూ కాలు తియ్యడు. తర్వాత అతన్ని పైకి లాగి, చెరో వైపు...

నేను టోపీని వాడి గడ్డం దాకా లాగేశాను.

చీకటి ప్లాస్టిక్ లోపల్నుంచి గొంతు. "ఏమైంది నాన్నా? ఎడ్డీ ఏడి?"

"ఇంటికెళ్ళిపోయాడు."

"ఇంత వానలోనా?"

"గొడుగుంది."

నా జన్మలో ఇంత తెలివితక్కువ మాట ఇంకోటి చెప్పలేదు. ఎందుకంటే వాడు నమ్మాడు. నమ్మి, ఎదురుచూడ్డం మొదలెట్టాడు. వెళ్ళినవాడు వస్తాడు కదా! గడ్డిలో రాప్టర్లు అనే వేటాడే డైనోసార్లు గీతలు గీసుకుంటూ వస్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది, వీడు గడ్డి అవతల ఎడ్డీ గొడుగు కనిపిస్తుందేమోనని చూస్తున్నాడు.

తెర కుడి పక్క పై మూలలో అప్పుడప్పుడు ఒక చుక్క మెరిసి మాయమయ్యేది. పిల్లల కళ్ళు పిల్లల కళ్ళే, వాడు పట్టేశాడు. అదేంటి అన్నాడు. నాకు ఆ సంగతి కాస్త తెలుసు. అప్పట్లో సినిమా మొత్తం ఒకే చుట్టగా రాదు. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాలు నడుస్తుంది. రెండు ప్రొజెక్టర్లుంటాయి. రీలు చివరికొచ్చిందని ఆపరేటర్‌కి చెప్పడానికే ఆ చుక్క. మొదటి చుక్కకి రెండో ప్రొజెక్టర్ మోటారు తిప్పాలి, ఏడెనిమిది సెకన్లకి మరో చుక్క పడగానే ఇటు మూసి అటు తెరవాలి. ఆపరేటర్ కళ్ళార్పకూడదు. ఇదంతా వాడికి రెండు ముక్కల్లో చెప్పాను. ఈ రీలు అయిపోయింది, ఇంకో రీలు పెడతారు అని.

"ఎడ్డీ ఆ రీల్లో ఉన్నాడా?"

ఆ తర్వాత చుక్క పడినప్పుడల్లా వాడు సర్దుకుని కూర్చునేవాడు. రీలు మొదలయ్యేది. ఎడ్డీ ఉండేవాడు కాదు. భుజాలు కిందకి దిగేవి. ఎన్నిసార్లని చూడను?

*

చివర్లో టి-రెక్స్‌ని ఓడలో శాన్ డియేగో నగరానికి తెస్తారు. తండ్రి టి-రెక్స్. అది వీధుల్లో తిరుగుతుంటే, ఒక పిల్లాడు రాత్రి లేచి కిటికీలోంచి చూస్తాడు. పెరట్లో ఈత కొలనులో నీళ్ళు తాగుతుంటుంది. వెళ్ళి అమ్మానాన్నల్ని లేపుతాడు. మావాడికి అది బాగా నచ్చింది, తనూ అలాగే లేపుతాడు కాబట్టి. కానీ తర్వాత టి-రెక్స్ నోట్లోంచి గొలుసుకి కుక్క గూడు వేలాడుతూ కనిపిస్తుంది.

"కుక్క?"

"గొలుసు తెంపుకుని పారిపోయింది."

"గొలుసు అక్కడే ఉంది కదా."

"మెడపట్టా విప్పుకుని పారిపోయింది."

నా వైపు చూశాడు. చీకట్లోనూ ఆ చూపు తెలిసింది.

ఆఖరికి పిల్లని చూపించి తండ్రిని మళ్ళీ ఓడలోకి రప్పిస్తారు. ఇదంతా తెచ్చిపెట్టిన ఆ కంపెనీ పెద్దమనిషి ఓడ అడుగున చిక్కుకుంటాడు. తండ్రి అతని కాలు విరిచి, పక్కకి జరిగి, పిల్లని ముందుకి పంపుతుంది. నేను మళ్ళీ టోపీ మీద చెయ్యి వేసి, "ఆడుకుంటున్నాయి" అన్నాను.

వాడు నా చెయ్యి తీసేశాడు. కాసేపు చూశాడు.

"కాదు నాన్నా. వాళ్ళ నాన్న నేర్పిస్తున్నాడు."

*

ఆ రాత్రి మా ఆవిడ అన్నట్టుగానే వాడు నా పక్కలోనే పడుకున్నాడు. భయపడలేదు. నాకే నిద్ర పట్టలేదు, కళ్ళు మూస్తే అద్దం మీద గీతలు పాకుతున్నాయి. ఏ రెండింటికో చిన్న చెయ్యి వచ్చి నా బుగ్గ తట్టింది.

"నాన్నా, ఎడ్డీ ఇల్లెంత దూరం?"

ఏం చెప్పను? చాలా దూరం అన్నాను. నడుస్తున్నాడా అన్నాడు. అవునన్నాను. దారిలో ఎవరూ లేరా అన్నాడు. అడిగిన గొంతులో ఏదో ఉంది. ఉంది, స్టెగోసారస్ ఉంది, అన్నాను. చీకట్లో పక్క మీద లేచి కూర్చున్నాడు.

అప్పటి నుంచి రోజూ రాత్రి అదే కథ. గొడుగేసుకుని ఎడ్డీ నడుస్తాడు. స్టెగో వీపు మీద పలకల మధ్య చాప పరుచుకుని పడుకుంటాడు. ఒకసారి గొడుగు గాలికి కొట్టుకుపోతుంది, కాంపీలు తెచ్చిస్తాయి. ఒకసారి కాంపీలకి జలుబు చేస్తుంది. టి-రెక్స్ పిల్లకి కట్టు ఊడిపోతే ఎడ్డీ మళ్ళీ కడతాడు. ఎడ్డీ పనిమంతుడు కదా, అడవిలో ఏది పాడైనా బాగుచేసేవాడు. ఆఫీసులో రోజంతా గొడ్డుచాకిరీ చేసి వచ్చినా, సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఈ రోజు ఎడ్డీకి ఏం జరగాలన్నదే ఆలోచన. రెండేళ్ళు నడిచాడు ఎడ్డీ. ఇల్లు మాత్రం చేరలేదు. చేరితే కథ అయిపోతుందని ఇద్దరికీ తెలుసు.

కథ ఆగింది నా వల్ల కాదు, చదువు వల్ల. ఏడేళ్ళకి వాడు సొంతంగా పుస్తకాలు చదవడం మొదలెట్టాడు. ఒక రాత్రి ఎడ్డీ స్టెగో మీద వెళ్తుంటే టి-రెక్స్ ఎదురైందన్నాను. దుప్పటి తీసి, "అలా కుదరదు" అన్నాడు. స్టెగోసారస్ పదిహేను కోట్ల ఏళ్ళ కిందటిదట, టి-రెక్స్ ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటిదట. స్టెగోకి టి-రెక్స్ ఎంత దూరమో, టి-రెక్స్‌కి మనం అంతకంటే దగ్గరట. "అసలు టి-రెక్స్ జురాసిక్ కాలంలో లేనే లేదు నాన్నా. సినిమా పేరే తప్పు." లెక్క వేసి చూశాను. నిజమే. ఆ రాత్రి ఎడ్డీ ఎక్కడున్నాడో అక్కడే ఆగిపోయాడు.

*

వాడికి పన్నెండేళ్ళప్పుడు కాబోలు, ఆ సినిమా ఇంట్లో డిస్కు పెట్టుకుని ఒక్కడే చూశాడు. నేను బయటి నుంచి వచ్చేసరికి టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. బొమ్మ ఆపేసి ఉంది. వానలో ఒక కారు, పైకప్పు లేదు.

"ఎడ్డీ ఇంటికెళ్ళలేదు" అన్నాడు.

నవ్వుతాడనుకున్నాను. నన్ను ఆట పట్టిస్తాడనుకున్నాను. వాడి మొహం ఎర్రగా ఉంది.

"వాళ్ళు ముగ్గురూ బతికింది ఎడ్డీ వల్లే. కారు దిగి పారిపోవచ్చు. దిగలేదు. నువ్వేమో గొడుగేసుకుని వెళ్ళిపోయాడన్నావు."

నేను చెప్పులు కూడా విప్పలేదు ఇంకా. అలాగే గుమ్మంలో నిలబడిపోయాను. ఏడేళ్ళుగా నా అబద్ధం పిల్లాడిని కాపాడిందనే అనుకుంటున్నాను. ఆ సినిమాలో పక్కవాడి కోసం కదలకుండా కూర్చున్నవాడు అతనొక్కడే. వాణ్ణి నేను మధ్యలో వదిలేసి ఇంటికెళ్ళిన మనిషిని చేశాను. భయం తప్పించబోయి మనిషినే తప్పించేశాను. అది నాకు తట్టలేదు, పన్నెండేళ్ళవాడికి తట్టింది.

"చిన్నపిల్లాడివి కదరా" అన్నాను.

"అవుననుకో" అన్నాడు. కాసేపాగి, "కథలు మాత్రం బావున్నాయి" అన్నాడు. టీవీ కట్టేసి లోపలికెళ్ళాడు.

తర్వాత వాడికి ఆ సినిమాలు ఎలా తీశారన్న పిచ్చి పట్టింది. మొదటి భాగంలో గ్లాసులో నీళ్ళు వణకడానికి గిటారు తీగ మీటారని చెప్పాడు. రెండో భాగంలో టి-రెక్స్ బొమ్మల్ని జరపడం కుదరక, వాటి చుట్టూనే సెట్లు కట్టారని చెప్పాడు. ఇంకోటి చెప్పాడు, అది మాత్రం నాకు గుచ్చుకుంది. హాళ్ళని దద్దరిల్లజేసిన టి-రెక్స్ అరుపు ఉంది చూశారా, అందులో పులీ, మొసలీ గొంతులతో పాటు ఒక ఏనుగు పిల్ల అరుపు కలిపారట. గ్యారీ రైడ్‌స్ట్రమ్ అనే శబ్దశిల్పి పని అది. అంతమందిని జడిపించింది ఒక పిల్ల గొంతు. ఐదేళ్ళవాడికి అది భయం వెయ్యకపోవడంలో వింతేముంది అనిపించింది.

అమెరికాలో పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు గట్టిగా జాగ్రత్తపడాలని ఒక ముద్ర వేస్తారు. 'ది లాస్ట్ వరల్డ్'కి అదే ముద్ర ఉంది. ఆ ముద్ర 1984లో పుట్టింది. అది పుట్టడానికి కారణమైన సినిమాల్లో ఒకటి ఇదే స్పీల్‌బర్గ్ తీసిన సాహసాల సినిమా 'ఇండియానా జోన్స్' రెండో భాగం. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళిన తల్లిదండ్రులు గోల పెట్టారు. అలాంటి వర్గం ఒకటి ఉండాలని అడిగినవాళ్ళలో ఆయనే ఉన్నాడు. అంటే రెండో భాగానికి పిల్లాణ్ణి తీసుకెళ్ళి బిక్కమొహం వేసిన మొదటి తండ్రిని నేను కాను. ఇది మా ఆవిడకి చెప్తే, "ఆ ముద్ర మీకు చదవడం రాకనా తీసుకెళ్ళారు?" అంది.

*

అందుకని మొన్న మావాడు అడిగినప్పుడు నేను వెంటనే ఏమీ అనలేదు. తీసుకెళ్తే ఏం చెప్తావ్ మరి, అని ఎదురు అడిగాను.

"ఏం చెప్పను. అడిగితే ఉన్నదే చెప్తాను."

"ఎవరినైనా తినేస్తే?"

"తినేసింది అంటాను."

చాలా తేలిగ్గా అన్నాడు. వాడింకా ఆ కుర్చీలో కూర్చోలేదు కదా, పిల్ల బొటనవేలు వెతుక్కునే దాకా ఎవరైనా అలాగే అంటారు. ఆ మాట పైకి అనలేదు.

లోపల్నుంచి పరపర వినిపించింది. రెయిన్‌కోటు ఇంకా విప్పలేదు. టోపీ కిందనుంచి ముక్కు, రెండు కళ్ళూ మాత్రమే కనిపిస్తున్నాయి. వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది.

"తాతయ్యా, ఎడ్డీ స్టెగో మీద వెళ్తున్నాడు కదా. తర్వాత ఏమైంది? నాన్నకి తెలీదంట. నీకే తెలుసంట."

మావాడి వైపు చూశాను. వాడు చాలా శ్రద్ధగా సెల్‌ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు.

ఎప్పటి నుంచి చెప్తున్నాడో, ఎక్కడి దాకా చెప్పాడో! పిల్లని దగ్గరికి తీసుకుని టోపీ వెనక్కి తీశాను.

"ఎక్కడి దాకా అయింది?" అన్నాను.

"టి-రెక్స్ ఎదురైంది" అంది.